క్రాస్ కుట్టు గ్రీటింగ్ కార్డు: రాయగడ, కోరాపుట్ నమూనాలు

గళ్లుగా నేసిన గుడ్డ మీద, గడికొక గుణకారం గుర్తు చొప్పున దారంతో చిన్న బొమ్మ కుట్టి, దాన్ని మందపాటి కాగితంలో కోసిన కిటికీలో బిగించి తయారుచేసే శుభాకాంక్షల పత్రాన్ని క్రాస్ కుట్టు గ్రీటింగ్ కార్డు అంటారు. తెలుగు ఇళ్లలో ఈ కుట్టు కొత్తది కాదు. కుట్లు, అల్లికలు నేర్చిన ఆడపిల్లల చేతుల్లో మ్యాటీ గుడ్డ మీద పూసిన గులాబీలు, జంట హంసలు, కుక్కపిల్లలు టేబుల్ గుడ్డలుగా, టీవీ మీద కప్పే గుడ్డలుగా, గోడ మీద పటాలుగా రెండు మూడు తరాల పాటు ఇళ్లను అలంకరించాయి. ఆ పనినే అరచేతంత గుడ్డకు కుదించి, పండక్కో పెళ్లికో పుట్టినరోజుకో పంపగలిగే రూపంలోకి తెస్తే అది కార్డవుతుంది.

పని తేలిక. ఖర్చు తక్కువ. లోటల్లా నమూనాల్లోనే. బజారులో దొరికే చార్టుల్లో అధికభాగం యూరప్ తోటల పూలు, మంచు కురిసే ఊళ్లు, అక్కడి జంతువులు. తెలుగు నేలను ఆనుకుని ఉన్న ఒడిశా దక్షిణ జిల్లాలు రాయగడ, కోరాపుట్‌లలో గళ్ల కాగితం మీద ఇట్టే ఒదిగే బొమ్మలు మూడు వేర్వేరు సంప్రదాయాల్లో ఉన్నాయి: డొంగ్రియా కొంధుల కప్డాగండ శాలువా, సవరల గోడ చిత్రం, కొట్పాడ్ చేనేత. ఈ వ్యాసం తయారీ పద్ధతితో పాటు ఆ మూడింటి మీద ఎక్కువగా నిలుస్తుంది.

పద్మపూర్, చుట్టుపక్కల సీమ

ఈ మూడు సంప్రదాయాలున్న సీమను పద్మపూర్ నుంచి చూద్దాం. పద్మపూర్ రాయగడ జిల్లా గునుపూర్ సబ్‌డివిజన్‌లోని ఊరు, బ్లాకు కేంద్రం. పశ్చిమ ఒడిశాలో బర్గఢ్ జిల్లాలోనూ ఇదే పేరుతో ఒక పట్టణం ఉంది, అది వేరు. రాయగడ జిల్లా పద్మపూర్‌కు ఆనవాలు జగమండ కొండ, దాని మీది శివాలయాలు. అక్కడి నీలకంఠేశ్వరాలయంలో ఉన్న ఏడో శతాబ్దపు శాసనాన్ని ఆధారం చేసుకుని, బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి మఠం ఈ కొండ మీదే ఉండేదని చెబుతారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో, జయపురం జమీందారీ కింద, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. రాయగడ 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడివడి వేరే జిల్లా అయింది. రాష్ట్రాల గీతలు మారినా రాకపోకలు మారలేదు. గునుపూర్ మీదుగా పారే వంశధార శ్రీకాకుళం జిల్లాలోకి దిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. రాయగడ బజారులో తెలుగు మాట వినబడుతుంది, పార్వతీపురం సంతల్లో ఒడియా వినబడుతుంది. అందుకని ఈ సీమ కళను పొరుగువాళ్ల సొత్తుగా మాత్రమే చూడటం తెలుగు పాఠకుడికి కుదరదు.

కప్డాగండ: కుట్టి ఇచ్చే కానుక

డొంగ్రియా కొంధులు నియమగిరి కొండల మీద ఉండే ఆదివాసులు. రాయగడ జిల్లాలో వీళ్ల ఊళ్లు ముఖ్యంగా బిస్సంకటక్, మునిగుడ, కళ్యాణసింగుపూర్ బ్లాకుల్లో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీన స్థితిలో ఉన్న ఆదివాసీ సమూహాల జాబితాలో వీరిని చేర్చింది. బిస్సంకటక్ దగ్గరి చాటికోనలో బుధవారం సంతకు డొంగ్రియా స్త్రీలు కొండ దిగి వస్తారు. వాళ్ల భుజాల మీద కనబడే కుట్టుపని శాలువానే కప్డాగండ.

గుడ్డ ముతక నూలుది, తెలుపు తిరగని లేత వన్నె. డొంగ్రియాలు నేయరు, నేత పొరుగున ఉండే డొంబులది. గుడ్డ చేతికి వచ్చాక దాని మీద సూదిపని అంతా డొంగ్రియా ఆడవాళ్లదే. ముందుగా బొమ్మ గీసుకోవడం ఉండదు. గుర్తులో ఉన్న నమూనాను పడుగు, పేకల వెంట సూదితో నడిపిస్తారు. అందువల్లే ఈ పనిలో వంపులు అరుదు: అడ్డగీతలు, నిలువుగీతలు, వరసలు కట్టిన త్రికోణాలు, మెట్లుమెట్లుగా సాగే అంచులు. రంగులు ప్రధానంగా ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఆకుపచ్చ కొండలకూ పంటకూ, పసుపు శాంతికీ సంతోషానికీ, ఎరుపు రక్తానికీ శక్తికీ గుర్తులని చెబుతారు. త్రికోణం కొండ. ఆ కొండ వాళ్ల దైవం నియమరాజు ఉండే చోటు.

ఆ త్రికోణం బరువు తెలియాలంటే 2013 నాటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. నియమగిరిలో బాక్సైట్ తవ్వకాల వివాదంలో ఆ ఏడాది ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, కొండ మీద తమకున్న మతపరమైన, సాంస్కృతికమైన హక్కుల గురించి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. రాయగడ జిల్లాలో ఏడు ఊళ్లు, కలహండి జిల్లాలో ఐదు ఊళ్లు సభలు జరిపాయి. పన్నెండు సభలూ తవ్వకాలను తిరస్కరించాయి. శాలువా మీది కొండకు పూజ ఇంకా నడుస్తోంది, దాని కోసం జనం నిలబడ్డారు. కార్డు మీదకు ఆ ఆకారాన్ని తెచ్చుకునేవాళ్లు ఈ మాట తెలిసి తెచ్చుకోవాలి.

కార్డుకూ కప్డాగండకూ ఉన్న అసలు చుట్టరికం ఆకారంలో కంటే వాడుకలో ఉంది. పెళ్లికాని డొంగ్రియా అమ్మాయి ఈ శాలువాను కుట్టి, మనసిచ్చిన అబ్బాయికి ఇస్తుంది. అన్నదమ్ములకూ తండ్రికీ ఆప్యాయతకు గుర్తుగా ఇస్తుంది. చెప్పదలచిన మాటను దారంతో కుట్టి, ఒక మనిషి చేతిలో పెట్టడమన్నమాట. గ్రీటింగ్ కార్డు చేసే పని కూడా అదే. అచ్చు కార్డులు పుట్టడానికి లండన్ దాకా వెళ్లవలసి వచ్చింది గానీ, కుట్టి పంపే ప్రేమ సందేశం నియమగిరిలో ఇంటి ఆచారం.

2024 జనవరిలో కప్డాగండకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, వచ్చింది. అదే విడతలో ఒడిశాకు దక్కిన మరికొన్నింటిలో లాంజియా సవర చిత్రం, కోరాపుట్ కాలాజీర బియ్యం కూడా ఉన్నాయి.

ఒక జాగ్రత్త. కప్డాగండ క్రాస్ కుట్టు కాదు. దాని గీతలు గుడ్డలో మునిగి తేలుతూ సాగే కుట్లతో వస్తాయి. కార్డు కోసం త్రికోణాల లోపలిభాగాన్ని క్రాస్ కుట్టుతో నింపి, వరసల మధ్య గీతలను బ్యాక్ స్టిచ్‌తోనో కచ్చా కుట్టుతోనో నడిపితే అసలు పోలిక కొంతవరకు దక్కుతుంది. అన్నీ క్రాస్ కుట్టుతోనే నింపితే బొమ్మ మొద్దుబారుతుంది.

సవర చిత్రం

పద్మపూర్‌కు దగ్గరి సంప్రదాయం ఇది. గునుపూర్ బ్లాకులోని పుట్టాసింగి చుట్టుపక్కల లాంజియా సవరల ఊళ్లున్నాయి. ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో తెల్లగా వేసే చిత్రాన్ని ఇడితాల్ అంటారు. పితృదేవతల కోసం, జబ్బు నయం కావడానికి, కాన్పు సుఖంగా జరగడానికి, పంట కోసం వేయిస్తారు. వేసే మనిషి వేరుగా ఉంటాడు, పూజ ఉంటుంది. ముందు చట్రం గీసి, లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులను నింపుతారు. మనిషి బొమ్మ రెండు త్రికోణాలు కలిసిన ఒళ్లు, సన్నటి కాళ్లు చేతులు.

ఈ జాతి మాటను తెలుగు లోకానికి మొదట పరిచయం చేసింది గిడుగు రామమూర్తి. 1863లో పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే ప్రయత్నం చేశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, ఆ దశాబ్దంలోనే నిఘంటువులు వెలువరించారు. సవరల మత జీవితాన్ని, గోడ చిత్రాలతో సహా, మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో వివరించాడు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ సవరలున్నారు కాబట్టి ఈ బొమ్మలు సీతంపేట వైపు వారికీ పరిచయమే.

క్రాస్ కుట్టుకు సవర బొమ్మ బాగా లొంగుతుంది. త్రికోణపు ఒంటిని మెట్లుగా దిగే గళ్లతో నింపవచ్చు. కాళ్లు చేతులకు ఒంటి పోగు బ్యాక్ స్టిచ్ చాలు. ఎర్రమట్టి రంగు గుడ్డ మీద తెల్ల దారం ఒక్కటే వాడితే చాలు, రెండో రంగు అక్కర్లేదు. అయితే ఇడితాల్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కార్డు మీద దింపడం తగదని నా అభిప్రాయం. అది ఆ ఇంటి దేవతకు వేసిన ఇల్లు. అమ్మకానికి కాగితం మీదా గుడ్డ మీదా సవర కళాకారులే వేస్తున్న మనుషులు, చెట్లు, జింకలు, పల్లకీలు, నాట్యం చేసే వరసలు కావలసినన్ని ఉన్నాయి. కార్డుకు అవి సరిపోతాయి.

కొట్పాడ్ నేత

కోరాపుట్ జిల్లా పశ్చిమాన కొట్పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు రంగు వేస్తారు. ముదురు ఎరుపు నుంచి గోధుమ దాకా వచ్చే ఆ రంగులు, రంగు వేయని నూలు తెలుపు కలిసి కొట్పాడ్ బట్టను గుర్తుపట్టేలా చేస్తాయి. 2005లో దీనికి జీఐ వచ్చింది. పీత, చేప, శంఖం, గొడ్డలి, పడవ, గుడి వంటి బొమ్మలను అదనపు పేకతో నేస్తారు. మగ్గం మీద పుట్టిన బొమ్మ ఎప్పుడూ లెక్కకు కట్టుబడి ఉంటుంది. దాన్ని చార్టుగా మార్చడం మూడింట్లోకీ తేలిక. గళ్ల కాగితం మీద పదిహేను గళ్లలో పీతను గీస్తే ఎవరైనా గుర్తుపడతారు.

లెక్క కుట్లు, కార్డులు: లోకంలో

పోగులు లెక్కపెట్టి కుట్టే పని చాలా దేశాల్లో ఉంది. మనకు దగ్గరగా ధార్వాడ వైపు కసూతిలో నాలుగు రకాల కుట్లున్నాయి. వాటిలో మెంతి అనేది క్రాస్ కుట్టే. లంబాడీల కుట్టుపనిలోనూ అద్దాలు, గవ్వల మధ్య గళ్లు పాటించే కుట్లుంటాయి. పాలస్తీనా స్త్రీల తత్రీజ్ ప్రధానంగా క్రాస్ కుట్టు. 2021లో యునెస్కో దాన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంగ్లండులో తేదీ వేసి ఉన్న నమూనా గుడ్డల్లో అన్నిటికన్నా పాతది 1598 నాటిది. జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టింది. అందులో పూలు, అక్షరాలతో పాటు ఆలిస్ లీ అనే పసిపాప పుట్టిన రోజు, పూట కుట్టి ఉన్నాయి. పాప పుట్టిన సంతోషాన్ని దారంలో రాసి దాచిన ఆ గుడ్డను ఈ కార్డులకు ముత్తవ్వ అనుకోవచ్చు. అది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. తర్వాతి కాలంలో ఆ మ్యూజియానికి తొలి డైరెక్టరైన హెన్రీ కోల్, 1843లో జాన్ కాల్కాట్ హార్స్‌లీ చేత బొమ్మ వేయించి తొలి క్రిస్మస్ కార్డును అచ్చువేయించి అమ్మాడు.

గళ్ల చార్టు చూసి కుట్టే అలవాటు 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో బెర్లిన్ నుంచి వ్యాపించింది. అక్కడి ప్రచురణకర్తలు గళ్ల కాగితం మీద చేత్తో రంగులద్దిన నమూనాలు అమ్మారు. అదే శతాబ్దంలో వరసగా చిల్లులు పొడిచిన మందపాటి కాగితం వచ్చింది. గుడ్డ లేకుండా నేరుగా కాగితం మీదే ఉన్ని దారంతో, పట్టు దారంతో కుట్టి పుస్తకంలో పెట్టుకునే గుర్తులు, గోడకు తగిలించే సూక్తులు, కార్డులు చేసేవారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్, బెల్జియం స్త్రీలు పలచని పట్టు గుడ్డ పట్టీల మీద ఒకే బొమ్మను వరసగా కుట్టి, ముక్కలు కత్తిరించి పోస్టుకార్డులకు అమర్చేవారు. సైనికులు వాటిని కొని ఇంటికి పంపేవారు. యుద్ధంలో ఉన్నవాడి నుంచి తల్లికి, భార్యకు చేరిన ఆ కార్డులు ఇప్పటికీ చాలా కుటుంబాల దగ్గర భద్రంగా ఉన్నాయి.

తెలుగునాట కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి గ్రీటింగ్ కార్డులు కొని పోస్టు చేయడం 1980లు, 90లలో జోరుగా సాగింది. డిసెంబరు చివరి వారం పుస్తకాల షాపుల ముందు తాళ్లకు వేలాడదీసిన కార్డుల దగ్గర పిల్లలు గుమిగూడేవారు. సెల్‌ఫోను సందేశం రావడంతో ఆ వ్యాపారం కుంచించుకుపోయింది. చేత్తో చేసిన కార్డు విలువ మాత్రం అప్పటి నుంచే పెరిగింది.

గుడ్డ, సూది, దారం

మన ఊళ్లలో దొరికేది మ్యాటీ గుడ్డ. గళ్లు కాస్త పెద్దవి: అంగుళానికి రమారమి పదకొండు. పట్టణాల్లో ఐడా గుడ్డ దొరుకుతుంది. అందులో అంగుళానికి 14 గళ్లున్నదాన్ని కార్డులకు ఎక్కువగా వాడతారు. గడి చిన్నదైతే బొమ్మ చిన్నదవుతుంది, నాజూగ్గా ఉంటుంది. కళ్లకు శ్రమ పెరుగుతుంది.

దారం ఆరు పోగులు కలిసి ఉండే ఎంబ్రాయిడరీ నూలు. యాంకర్ కంపెనీది గానీ డీఎంసీ కంపెనీది గానీ ఒక కట్టలో ఎనిమిది మీటర్లుంటుంది. 14 గళ్ల గుడ్డకు రెండు పోగులు, మ్యాటీకి మూడు పోగులు తీసి కుట్టాలి. ఆరు పోగులూ ఒకేసారి ఎక్కిస్తే కుట్టు ఉబ్బి, పక్క గడిని కప్పేస్తుంది. పోగులను ఒక్కొక్కటిగా లాగి, మళ్లీ జతచేస్తే దారం మెలిపడదు. సూది మొన మొద్దుగా ఉండాలి. పదును సూది గుడ్డ పోగులను చీలుస్తుంది. 24, 26 నంబర్ల సూదులు సరిపోతాయి.

ఎరుపు దారం రంగు విడుస్తుందేమో ముందే చూసుకోవడం తప్పనిసరి. తడిపిన తెల్లగుడ్డ ముక్క మధ్య దారాన్ని నొక్కి పెడితే తెలిసిపోతుంది. కప్డాగండ రంగుల్లో ఎరుపే ముందుంటుంది కాబట్టి ఈ పరీక్షను దాటవేయకూడదు.

నమూనా లెక్క

చుక్కల ముగ్గు వేసే చేతికి చార్టు కొత్తగా అనిపించదు: చుక్కలెన్నో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే గీత. చార్టులో కుట్ల సంఖ్యను గుడ్డ లెక్కతో భాగిస్తే అంగుళాలు వస్తాయి. 35 గళ్ల వెడల్పు బొమ్మ 14 గళ్ల గుడ్డ మీద రెండున్నర అంగుళాలు. అదే మ్యాటీ మీద మూడంగుళాలు దాటుతుంది. కార్డు కిటికీ కోశాక ఈ లెక్క చూసుకుంటే లాభం లేదు.

కప్డాగండ ధోరణిలో ఒక నమూనా చెబుతాను. అడుగున 11 గళ్లతో మొదలై, పైకి వరసకు రెండేసి తగ్గుతూ 9, 7, 5, 3, 1 అయ్యే త్రికోణానికి 36 కుట్లు, ఆరు వరసలు. ఇలాంటివి మూడు, మధ్య ఒక్కో గడి వదిలితే వెడల్పు 35 గళ్లు. ఈ మూడేసి త్రికోణాల పట్టీలను ఐదు పేర్చి, నడుమ ఒక్కో గడి విడిస్తే ఎత్తు 34 గళ్లు. మొత్తం 540 కుట్లు. మొదటి పట్టీ ఎరుపు, రెండోది తలకిందులుగా పసుపు, మూడోది ఆకుపచ్చ, ఆపైన మళ్లీ పసుపు, ఎరుపు. విడిచిన గళ్లలో ముదురు గోధుమరంగు ఒంటి పోగుతో గీతలు. రెండు పోగులతో కుట్టేటప్పుడు ఒక కట్ట నుంచి 24 మీటర్ల దారం వస్తుంది. 14 గళ్ల గుడ్డ మీద వంద కుట్లకు మీటరుకు కాస్త పైన పడుతుంది. అంటే మూడు రంగులు ఒక్కో కట్ట కొంటే, వృథా పోగా, అరడజనుకు పైగా కార్డులు వస్తాయి.

కుట్టే తీరు

ఆరంగుళాల చదరపు ముక్క తీసుకుని అంచులు పోగులూడకుండా పైకుట్టు వేసుకోవాలి. ముక్కను రెండుగా, నాలుగుగా మడిచి మధ్య గడిని గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అంచు నుంచి మొదలెడితే చివరికి చోటు చాలకపోవచ్చు.

వరసలో ముందు ఒకవైపు వాలు కుట్లన్నీ వేసుకుంటూ వెళ్లి, తిరుగు దారిలో రెండోవైపు వాలు కుట్లు వేస్తూ రావాలి. పైన పడే వాలు బొమ్మంతా ఒకే దిక్కున ఉండటం ఈ కుట్టుకు ప్రాణం. ఒక్క గడిలో తిరగబడినా వెలుగు పడ్డప్పుడు ఆ గడి మచ్చలా కనబడుతుంది. ముడి వేయకూడదు. దారం కొసను వెనక పట్టి ఉంచి, మొదటి నాలుగైదు కుట్ల కింద నొక్కేయాలి, ముగింపులోనూ అంతే. ముడి వేస్తే కార్డులో బిగించాక గుడ్డ మీద బొడిపె తేలుతుంది. ముదురు దారాన్ని దూరంగా ఉన్న గడికి వెనక నుంచి లాగితే తెల్ల గుడ్డలోంచి నీడ కనబడుతుంది. తెంపి మళ్లీ మొదలుపెట్టడమే దారి.

కుట్టు పూర్తయ్యాక చల్లని నీళ్లలో మెల్లగా ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు లాగాలి. తువ్వాలు మీద బొమ్మను బోర్లా పరిచి వెనక నుంచి ఇస్త్రీ చేస్తే కుట్లు అణగవు.

కార్డులో బిగించడం

ఏ4 కొలతలో 300 జీఎస్‌ఎం మందం కాగితం తీసుకోవాలి. పొడవు 297 మిల్లీమీటర్లు కాబట్టి మూడు మడతలు చేస్తే ఒక్కోటి 99 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. మడత పడేచోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్ మొనతో గట్టిగా గీస్తే కాగితం పగలకుండా మడత పడుతుంది. నడిమి మడతలో, నడుముకు కాస్త పైగా, 70 మిల్లీమీటర్ల చదరపు కిటికీ కోయాలి. పైన చెప్పిన నమూనా అందులో చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీతో కూర్చుంటుంది. కిటికీ అడుగున మిగిలే చోటు పేరు రాయడానికి.

గుడ్డను 90 మిల్లీమీటర్ల చదరంగా కత్తిరించి, కిటికీ వెనక అంచుల చుట్టూ డబుల్ సైడ్ టేపు అంటించి, గళ్లు కిటికీ అంచుకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకుని అదిమిపెట్టాలి. ఒకటి రెండు గళ్లు వాలినా చూపరి కన్ను పట్టేస్తుంది. గుడ్డ వెనక పలచని దూది పొర పెడితే బొమ్మ కొంచెం పైకి లేచి అందంగా ఉంటుంది. ఎడమ మడతను రెండు మిల్లీమీటర్లు తగ్గించి కోసి, గుడ్డ వెనక్కి మడిచి అంటిస్తే కుట్టు వెనకభాగం దాగుతుంది. కుడి మడత కార్డుకు వెనక అట్ట అవుతుంది.

జిగురు గురించి ఒక్క మాట. నీటితో కలిసిన తెల్ల జిగురు కాగితాన్ని ఉబ్బిస్తుంది, ఆరాక ముడతలు వదలవు. గుడ్డలోంచి పైకి కూడా ఊరుతుంది. టేపే మేలు. రాయగడ, కోరాపుట్ లాంటి వాన ఎక్కువ పడే కొండ సీమలో ఆషాఢ శ్రావణాల్లో చేసిన కార్డులను గాలి చొరబడని సంచీలో దాచకపోతే గుడ్డకు బూజు పడుతుంది. పోస్టులో పంపేటప్పుడు కవరులో కార్డుకు సరిపడే అట్టముక్క ఒకటి పెడితే మడత పడకుండా చేరుతుంది.

గుడ్డ దొరకని చోట చిల్లుల కాగితం పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కార్డు అట్ట మీద గళ్ల కాగితం పరిచి, ప్రతి మూలలో సూదితో పొడిచి, ఆ చిల్లుల్లోంచి నేరుగా కుట్టవచ్చు. చిల్లులు మరీ దగ్గరైతే అట్ట చిరుగుతుంది. అంగుళానికి ఎనిమిదికి మించకుండా చూసుకుంటే బడిపిల్లలు కూడా చేయగలరు.

పేరు, హక్కు, కూలి

సొంతంగా ఒక కార్డు కుట్టి స్నేహితురాలికి పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకానికి పెట్టినప్పుడు సంగతి వేరు. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలవుతోంది. దాని ప్రకారం, నమోదైన పేరును ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారుకాని సరుకుకు తగిలించి అమ్మడం నేరం. కాబట్టి హైదరాబాదులోనో విజయనగరంలోనో కుట్టిన కార్డును కప్డాగండ కార్డు అని అమ్మకూడదు. డొంగ్రియా శాలువా చూసి అల్లుకున్న నమూనా అని కార్డు వెనక రాయవచ్చు. రాయాలి కూడా. ఆ ఒక్క వాక్యం వల్ల కార్డు అందుకున్నవాళ్లకు నియమగిరి పేరు తెలుస్తుంది. ఇంకా మేలైన దారి ఒకటుంది: డొంగ్రియా స్త్రీలు స్వయంగా కుట్టిన చిన్న ముక్కలను వాళ్ల దగ్గర తగిన ధరకు కొని కార్డుల్లో అమర్చడం.

తగిన ధర అన్న మాట తేలిగ్గా అన్నది కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం వెలువరించింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లుతున్న ఆ ఆడవాళ్లను గృహిణులుగా, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కవేయడం వల్లే కూలి అంత అడుగున ఉండిపోయిందని ఆమె చూపింది. కార్డు కుట్టే ఆడవాళ్ల విషయంలో ఆ పొరపాటు మళ్లీ జరగకూడదు. గుడ్డ, దారం, కాగితం ఖర్చు మాత్రమే కలిపి ధర కట్టేవాళ్లు 540 కుట్లను ఉచితంగా తీసుకుంటున్నట్టే. స్వయం సహాయక సంఘాలు, చేతిపనుల దుకాణాలు నడిపేవారు కుట్ల సంఖ్య ప్రకారం కూలి లెక్కగట్టి, ఆ అంకెను కార్డు వెనక ధర పక్కనే అచ్చువేయించాలి.